బొటనవేలంత జాగ

సత్తెమ్మత్త పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా మనవరాలు హారిక. కాశిబుగ్గ నుంచి మా తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను దేవుడి గదిలో ఉన్నాను. ఫోన్ ఎత్తిన పిల్ల వెంటనే లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడి, నేను హారతి కళ్లకద్దుకుని లేచేదాకా ఆగింది. దీపం ముందు అనకూడని మాట అని దానికెవరు చెప్పారో నాకు తెలియదు, నేనైతే చెప్పలేదు. బయటికి రాగానే నా చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టి, "నానమ్మా, కాశిబుగ్గ అవ్వ తెల్లారంగ నిద్రలనే పోయిందట. తాత ఫోన్ చేసిండు" అన్నది. నేను ఏడవలేదు. నిండు వయసులో, ఎవరి చేతా చేయించుకోకుండా, నిద్రలో తీసుకుపోయినందుకు ఆ స్వామికి మళ్లీ లోపలికి వెళ్లి ఒక దండం పెట్టుకున్నాను. ఏడుపు మూడో రోజు వచ్చింది, అదీ హారిక కంప్యూటర్ ముందు.

మా హారిక హనుమకొండలో ఒక సెంటర్‌కు పోయి వెబ్ పేజీలు తయారుచేయడం నేర్చుకుంటోంది. అత్త దశదిన కర్మకు కార్డులు అచ్చువేయించి పంచేంత ఓపిక ఇప్పుడెవరికీ లేదు, అందరూ ఫోన్‌లోనే చూస్తారు గనుక ఒక పేజీ నువ్వే చెయ్యమ్మా అని మా తమ్ముడు దానికి చెప్పాడు. పిల్ల పొద్దున కూర్చున్నది, మధ్యాహ్నం అన్నానికి పిలిచినా లేవలేదు. తెర మీద అత్త ఫోటో ఎడమ అంచుకు అతుక్కుని ఉంది. "ఏందే, పొద్దట్నుంచి గదే చూస్తానవ్?" అన్నాను. "అవ్వ ఫోటో నడిమిట్లకు వస్తలేదు నానమ్మా. అక్షరాలను నడుమ ఉండుమంటె ఉన్నయి. ఫోటో మాత్రం కదులుతలేదు. మా సార్ కూడ నవ్వుతడు, ఈ పనిల అన్నిటికంటె కష్టమైంది గిదేనట, ఒకదాన్ని తెచ్చి నడిమిట్ల కూసోబెట్టుడు." నేను ఏమీ ఆలోచించకుండానే, "నడిమిట్ల అంటె, దేని నడిమిట్ల?" అని అడిగాను. అడిగాక నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ మాట నాది కాదు. ఆ ప్రశ్నను చిన్నప్పుడు నేను వందసార్లు విన్నాను, నా వెనక నిలబడి, గాసునూనె వాసన వచ్చే చేతిని నా భుజం మీద వేసి అత్త అడిగిన ప్రశ్న అది. అప్పుడొచ్చింది ఏడుపు.

సత్తెమ్మత్త మా నాన్నకు అక్క. నాన్నను మేం బాపు అనేవాళ్లం. మామ పోయాక పుట్టింటికి వచ్చేసింది. వచ్చేటప్పుడు అందరిలా బోళ్లూ పెట్టెలూ తెచ్చుకోలేదు. మామ నడిపిన చిన్న అచ్చు ప్రెస్సును బండ్ల మీద వేసుకుని వచ్చింది. సీసపు అక్షరాలు నిండిన చెక్క కేసులు, కాలితో తొక్కే ట్రెడిల్ మిషను, సిరా మరకలు పడ్డ ఒక బల్ల, వాటి వెనక నడుచుకుంటూ మిషను తొక్కే కొమురయ్య. కాశిబుగ్గలో మా ఇల్లు పద్మశాలీల ఇళ్ల మధ్య ఉండేది. రెండు పక్కలా మగ్గాల చప్పుడు, వీధి కాలువలో ఒకరోజు ఎర్రనీళ్లు, ఒకరోజు నీలం నీళ్లు. బాపుది బజార్లో నూలు దుకాణం. మా ముందు గది ప్రెస్సు అయ్యాక మగ్గాల చప్పుడుకు ఇంకో చప్పుడు తోడైంది, అంతే. ఆ రెండూ కలిసిన చప్పుడు లేకుండా నిద్రపట్టడం నాకు పెళ్లయ్యాక చాలా రోజులు కష్టమైంది.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు వచ్చిన పెద్ద జ్వరం పోతూ పోతూ నా ఎడమ కాలిలో సత్తువ తీసుకుపోయింది. బడి దూరం. ఎత్తుకుని తీసుకుపోయే వయసు దాటింది, నడిచే కాలు లేదు. అమ్మ బాధపడుతుంటే అత్త, "బడి ఇంట్లనే ఉన్నది గదా మరదలా, ముందటి అర్రల. ఫికర్ చెయ్యకు" అన్నదట. అలా నా ఓనమాలు సీసంలో మొదలయ్యాయి. అచ్చు అక్షరాన్ని చేతిలోకి తీసుకుంటే అది తలకిందులుగా, తిరగబడి ఉంటుంది. నాకు ముందు అదే అలవాటైంది. ఒకసారి బాపు ముచ్చటపడి పలక ఇచ్చి అ ఆ రాయమంటే, చేతిలోని దిమ్మ మీద ఎలా చూశానో అలాగే రాశాను. బాపు పలకను అటూ ఇటూ తిప్పి, "ఇదేంది అక్కా, పిల్లకు ఓనమాలు ఉల్టా నేర్పుతానవ్?" అన్నాడు. అత్త తలెత్తకుండానే, "అద్దం ముంగట తిప్పి పట్టి చూడు తమ్మీ, సక్కగనే ఉన్నయి" అన్నది. బాపు నిజంగానే అద్దం దగ్గరికి పోయి చూసి వచ్చాడు. ఆ సాయంత్రం దుకాణం నుంచి వస్తూ నాకు బెల్లం పల్లిపట్టి తెచ్చాడు.

అత్త పొద్దున స్నానం చేసి, దీపం పెట్టి, మిషనుకు కుంకుమ బొట్టు పెట్టి, కేసులోంచి మొట్టమొదట శ్రీ అనే అక్షరాన్ని తీసేది. దాన్ని కళ్లకద్దుకుని మళ్లీ దాని గదిలో పెట్టేసి, అప్పుడు పని మొదలుపెట్టేది. ఆ రోజు కరపత్రం పనైనా సరే, కరెంటు మోటార్ల రసీదు పనైనా సరే, ముందు శ్రీని పలకరించాల్సిందే. కింద పడిన అక్షరాన్ని కాలు తగలకుండా తీసుకుని నుదుటికి తాకించేది. పన్నెండింటికి సిరా వదలడానికి గాసునూనె, అదే కిరసనాయిలు, గుడ్డతో చేతులు తుడుచుకుని, బూడిద పెట్టి రుద్ది, మళ్లీ సున్నిపిండితో కడుక్కుని వంటింట్లోకి వచ్చేది. వంట అమ్మదే, కానీ పచ్చిపులుసు మాత్రం అత్త చేతిదే కావాలి మా ఇంట్లో అందరికీ. ఉల్లిగడ్డనూ పచ్చిమిరపనూ చేత్తో పిసికి చింతపండు నీళ్లలో కలిపేది. ఎంత కడిగినా ఆ చేతికి వాసన పోయేది కాదు. "అక్కా, దీంట్ల గాసునూనె గిట్ల పోసినవా?" అని బాపు అంటే, "పోస్తే ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తింటవని పోసిన" అనేది. బాపు ఇంకో రెండు ముద్దలు తినేవాడు.

అక్షరాలు వచ్చాక అత్త నాకు స్టిక్కు చేతికిచ్చింది. అది ఎడమ చేతిలో పట్టుకునే చిన్న ఇనుప తట్ట లాంటిది. కుడిచేత్తో ఒక్కొక్క అక్షరం ఏరి దానిలో వరుసగా నిలబెట్టాలి. అక్షరం లేని చోట ఖాళీ ఊరికే ఉండదు. ఖాళీని కూడా సీసంతోనే నింపాలి. అచ్చు పడని మొండి ముక్కలు ఉంటాయి, వాటిని క్వాడ్లు అంటారు. కాగితం మీద మీకు కనిపించే తెల్లదనమంతా మేం ముక్క ముక్కగా ఏరి పెట్టిందే. ఒక పేరును వరుసకు నడుమ పెట్టమంటే నేను ముందు ఎడమవైపు కొన్ని క్వాడ్లు పెట్టి, తరువాత పేరు పెట్టి, చివర మిగిలినదాన్ని ఏదో విధంగా నింపేదాన్ని. పేరు ఎప్పుడూ ఒక పక్కకే వాలి ఉండేది. అత్త అన్నీ తీయించి, "ముందుగాల పేరు పెట్టు. పేరు ఎంత జాగ తీసుకున్నదో తీసుకోనియ్యి. మిగిలిన జాగను రెండు దిక్కుల సమానం పంచు. నడుమ అనేది నువ్వు పెట్టేది కాదు బిడ్డా, రెండు దిక్కుల సక్కగ పంచితె అదే వస్తది" అన్నది. ఇది నాకు రావడానికి ఒక వానాకాలం పట్టింది.

అది వచ్చిందని నేను మురిసేలోగా శుభలేఖ పైవరుస ఎదురైంది. మీరు చూసే ఉంటారు, పాత శుభలేఖలకు నెత్తిన మూడు మాటలు ఉండేవి. ఎడమ శుభమస్తు, నడుమ శ్రీరస్తు, కుడి అవిఘ్నమస్తు. నేను నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేశాను: మూడు మాటలు పెట్టి, మిగిలిన జాగను మధ్యలోని రెండు సందులకూ సమానంగా పంచాను. అత్త ప్రూఫు తీసి, కాగితాన్ని అంచుకు అంచు కలిపి మడిచి, గోటితో గీకి నా చేతికిచ్చింది. విప్పి చూస్తే మడత శ్రీరస్తు నడుమ నుంచి పోలేదు, చివరి అక్షరం మీద నుంచి పోయింది. శ్రీరస్తు ఎడమకు జరిగి కూర్చుంది. నేను సందులు మళ్లీ కొలిచాను. రెండూ సమానమే. "అత్తా, సందులు సమానమే ఉన్నయి గదా" అంటే, "సందులకు నడుమ పెట్టినవ్. నేను అడిగింది కార్డుకు నడుమ. అవిఘ్నమస్తు లావుది, శుభమస్తు బక్కది. లావు మనిషి బెంచి మీద కూసుంటె నడుమ మనిషి జరుగడా?" అన్నది. మిషను దగ్గరున్న కొమురయ్య, "బస్సుల నా బతుకు గదే అమ్మా" అన్నాడు. అప్పటి నుంచి ఏం పెట్టినా ముందు అత్త అడిగే ప్రశ్న అదే, దేని నడిమిట్ల బిడ్డా. నేను ప్రతి ప్రూఫునూ మడిచి చూసేదాన్ని. మా ఇంట్లో చాకలి పద్దు కాగితం కూడా మడత లేకుండా ఉండేది కాదని అమ్మ నవ్వేది.

నాకు పద్నాలుగో ఏడు వచ్చేసరికి అత్త కళ్లు మసకబారాయి. ఆమె ఎవరికీ చెప్పలేదు. కొమురయ్య కనిపెట్టాడు. "అమ్మా, మ ఉండవల్సిన కాడ య వచ్చింది, రెండోసారి" అన్నాడు ఒకరోజు, తప్పు తనదైనట్టు తల దించుకుని. హనుమకొండ దవాఖానాలో చూపిస్తే అద్దాలు ఇచ్చారు. ఆ అద్దాలతో ఆమెకు వీధి చివర మనిషి కనిపించేవాడు గానీ చేతిలోని చిన్న అక్షరం మాత్రం కనిపించలేదు. అప్పుడు బాపు ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని మెల్లగా చెప్పాడు: "హనుమకొండల ఒకాయన కేసులు, మిషను అన్ని తీస్కపోతనంటాండు అక్కా. ఈ కండ్లతోని ఎందుకు కష్టం? ఇంట్ల కూసొని తిను. నేను వద్దంటనా?" ప్రేమతోనే అన్నాడు, అందులో నాకు అనుమానం లేదు. పక్కింటి మగ్గం ఆగి, మళ్లీ మొదలైంది. "కూసొని తినుడు నాకు రాదు తమ్మీ. ఆయన చేతులు తగిలిన అక్షరాలవి. శారదకు కండ్లున్నయి, జర ఆగు. ఈసారి వచ్చే పెండ్లి కార్డు అది ఒక్కతే పెడతది. సక్కగ రాకపోతె నువ్వన్నట్టే ఆయనకు కబురు పెట్టు." బాపు నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ప్రెస్సు పోతే అత్తకు ఏమవుతుందో నాకు తెలుసు. నాకు ఏమవుతుందో కూడా తెలుసు. ఆ ఇంట్లో నేను కూర్చుని చేయగలిగిన పని అదొక్కటే.

వచ్చిన కార్డు వర్ధన్నపేట ఐలయ్యది. బిడ్డ పెండ్లి. వ్యవసాయం చేసుకునే మనిషి, తల్లి లచ్చవ్వను వెంటబెట్టుకుని బస్సులో వచ్చాడు. అన్నదమ్ముల పేర్లన్నీ చెప్పి, ఎవరి పేరు ముందు ఎవరి పేరు తరువాత అని రెండుసార్లు మార్చి, ఆఖరున గొంతు తగ్గించి, "మా అవ్వ పేరు గూడ ఉండాలె. మాదాంట్ల ఆడోళ్ల పేర్లు ఎయ్యరు గని, మా నాయిన పోయినంక మమ్మల్నందర్ని సాదింది అవ్వనే. కింద ఏడనో ఒకకాడ ఎయ్యిండ్రి" అన్నాడు. లచ్చవ్వ అరుగు మీద నుంచే వింటోంది. "నా పేరెందుకురా, పెండ్లిపిల్లను నేనా?" అన్నది. "నువ్వు కాకపోతె పెండ్లి నడిపేదెవలే" అని ఐలయ్య. నేను ఆ కార్డును పూజ చేసినట్టు చేశాను. మనుషులు ఎక్కువ గనుక పేర్లు అంచుల దాకా వచ్చాయి. లచ్చమ్మ అన్న పేరు కింద ఎడమ మూలకు చేరింది. పైన మూడు మాటలు, పెండ్లికొడుకు పేరు, పెండ్లికూతురు పేరు, ముహూర్తం, ఏది మడిచి చూసినా మడత వెంట్రుకవాసి తప్పలేదు. అత్త ప్రూఫును కళ్లకు ఆనించుకుని, వేలితో తడిమి, "నడుమనే ఉన్నది" అన్నది. కొమురయ్య మిషను తొక్కాడు. లేత గులాబీ అట్టలు ఆరబెట్టిన దండెం కింద నేను ఆ రోజు అన్నం తిన్నాను.

ఐలయ్యా లచ్చవ్వా కార్డులు తీసుకోవడానికి వచ్చిన మధ్యాహ్నం బాపు కూడా ఇంట్లోనే ఉన్నాడు. దేవుడి ముందు పెట్టే మొదటి కార్డులకు ఇక్కడే పసుపు పెట్టుకుని పోదామని లచ్చవ్వ అన్నది. ఇంటికి పెద్దది ఆమె, ఆమె చేతితోనే మొదలవ్వాలి. అత్త ఇత్తడి గిన్నెలో పసుపు తడిపి ఇచ్చింది. లచ్చవ్వ చీర కొంగు నడుముకు దోపుకుని, కార్డును ఒళ్లో పెట్టుకుని, బొటనవేలు పసుపులో ముంచి పై రెండు మూలలకూ ఒత్తింది, తరువాత కింద కుడి మూలకు. నేను చూస్తూనే ఉన్నాను. నాలుగోసారి వేలు దిగుతున్నప్పుడు నాకు విషయం తెలిసింది, కానీ అప్పటికి వేలు అట్ట మీద పడనే పడింది. సేద్యం చేసిన వేలు, వెడల్పుగా, బలంగా. అది ఎత్తేసరికి కింద ఎడమ మూల అంతా పసుపే. సిరా ఇంకా పూర్తిగా ఆరలేదేమో, లచ్చమ్మ అన్న పేరు పచ్చటి మరకలో కరిగి నల్లగా సాగింది.

"అవ్వా, నీ పేరు మీదనే పూసుకున్నవేందే" అన్నాడు ఐలయ్య. లచ్చవ్వ కార్డును దూరంగా పట్టుకుని చూసింది. చదువు రాదు గనుక ఆమెకు మరక తప్ప ఏమీ కనిపించలేదు. "గాడ నా పేరున్నదా? మంచిదే తియ్యి. పట్వారి కాయితం మీద గూడ నాతోని ఏలిముద్రనే ఏపిచ్చిండ్రు. నా పేరంటె నా ఏలే" అని నవ్వింది. ఐలయ్య నవ్వలేదు. మిగతా కార్డులన్నిటి మీదా ఆ పేరు ఆ మూలనే ఉంది, ఏ ఇంటికి పోయే కార్డైనా పసుపు పడేది ఆ మూలనే. బాపు తలుపు దగ్గర నిలబడి అంతా చూశాడు. "నేను అననే అన్న అక్కా. చిన్నపిల్ల తోని అయ్యే పనా ఇది. రేపు హనుమకొండకు కబురు పెడత" అన్నాడు. ఆ మాటల్లో కోపం లేదు. కోపం ఉంటే నేను తట్టుకునేదాన్నేమో. నా చేతిలో మడిచిన ప్రూఫు ఉంది. మడత ఇప్పటికీ సరిగ్గా నడుమనే ఉంది.

అత్త లోపలికి పోయి అచ్చు పడని ఖాళీ అట్ట ఒకటి తెచ్చి లచ్చవ్వ ఒళ్లో పెట్టింది. "అవ్వా, దీనికి గూడ పెట్టు. మీ ఇంట్ల పెట్టినట్టే, జర గట్టిగ" అన్నది. "ఉత్త కాయితానికా?" "ఉత్త కాయితానికే." లచ్చవ్వ ఇదేం చోద్యమన్నట్టు చూసి, నాలుగు మూలలా వేలు ఒత్తింది. అత్త ఆ అట్టను తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టింది. "ఇగో, ఇది నీ కాయితం. ఇప్పుడు పెట్టు నడిమిట్ల." నేను ఏడుస్తున్నాను. "దేని నడిమిట్ల అత్తా?" అన్నాను. ఎప్పుడూ ఆమె అడిగే ప్రశ్న, మొదటిసారి నేను అడిగాను. "అవ్వ బొటనేలు పడ్డ జాగ పోంగ మిగిలిన జాగ నడిమిట్ల" అన్నది. తరువాత ఐలయ్యతో, "సాయంత్రం బస్సు దాక కూసుండు నాయినా. అవ్వకు అన్నం పెడత" అన్నది. బాపు వైపు చూడను కూడా లేదు.

ఆ మధ్యాహ్నం నేను అక్షరాలు బిగించిన చట్రం విప్పి అంతా మళ్లీ పెట్టాను. అన్నదమ్ముల పేర్లను చిన్న అక్షరంలోకి దించాను. పైన మూడు మాటలను లోపలికి లాగాను. లచ్చమ్మ అన్న పేరును ఏం చేయాలో అడిగితే, "నీ చేతిలున్నది, నీ ఇష్టం" అన్నది అత్త. ఆ పేరును మూలలో నుంచి తీసి, కొడుకుల పేర్లకు పైన, దానికదే ఒక వరుసగా పెట్టాను. ముందు పేరు, మిగిలిన జాగ రెండు దిక్కులా. వంటింట్లో లచ్చవ్వ పచ్చిపులుసు పోసుకుని తింటూ, "ఏమన్న కలిపినవా బిడ్డా దీంట్ల, కొత్త వాసనొస్తాంది" అని అడుగుతోంది. అమ్మ నవ్వు ఆపుకోలేకపోతోంది. కొమురయ్య ప్రూఫు తీసి, ఈసారి అత్తకు ఇవ్వకుండా నేరుగా ఐలయ్యకే ఇచ్చాడు. ఐలయ్య మెల్లగా చదివాడు, పెదవులు కదుపుతూ. తరువాత తల్లి దగ్గరికి పోయి కూర్చుని, ఆమె చూపుడు వేలు పట్టుకుని అట్ట మీద పెట్టాడు. సీసం గట్టిగా ఒత్తిన చోట కాగితం కొంచెం లోపలికి దిగుతుంది, వేలికి తెలుస్తుంది. "ఇగో అవ్వా, నువ్వు ఈడున్నవ్." లచ్చవ్వ ఆ మూడు అక్షరాల మీద వేలు అటూ ఇటూ పోనిచ్చింది. "గరుకుగ ఉన్న" అన్నది. తరువాత మళ్లీ, "అందరి కంటె మీద పెట్టిండ్రేందిరా" అన్నది. ఐలయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. లచ్చవ్వ తానే పసుపు గిన్నె తెమ్మని అడిగి, ఆ ప్రూఫుకు నాలుగు మూలలా వేలు ఒత్తింది. ఏ అక్షరమూ తడవలేదు.

కొమురయ్య కార్డులన్నీ మళ్లీ తొక్కి బస్సు వేళకు ఇచ్చేదాకా బాపు అరుగు మీదే ఉన్నాడు. మర్నాడు చెక్కపని చేసే వడ్లాయనను వెంటబెట్టుకుని వచ్చాడు. కేసు ముందు నిలబడలేని నాకు, కూర్చుంటే పై గదులు కూడా అందేంత ఎత్తుగా ఒక పీట, ఎడమ కాలు ఆనించుకోవడానికి దానికో అడ్డకర్ర చేయించాడు. హనుమకొండ ఆయన మళ్లీ మా ఇంటికి రాలేదు. ఆ పీట మీద నేను నా పెళ్లి దాకా కూర్చున్నాను, పెళ్లయ్యాక కూడా హనుమకొండ నుంచి ఆటోలో వచ్చి కూర్చున్నాను. నా పెళ్లి కార్డు కూడా ఆ పీట మీద కూర్చుని నేనే పెట్టుకున్నాను. లచ్చవ్వ వేళ్లు పడ్డ ఆ ఖాళీ అట్ట చాలా ఏళ్లు మా బల్ల మీద ఉంది. ఏ కార్డు పనైనా ముందు దాన్ని పక్కన పెట్టుకుని లోపలి జాగ చూసుకునేవాళ్లం. నలిగి, చిరిగి, ఒకరోజు దానంతటదే పోయింది. అప్పటికి కొలత మా చేతుల్లోకి వచ్చేసింది. ఆశ్చర్యం ఏమిటంటే, పసుపు పెట్టని కర్మ కార్డులకు కూడా అత్త ఆ జాగ వదిలించేది. ఎందుకని అడిగితే, "ఏడ్సుకుంట చదివేటోళ్లు గూడ కాయితాన్ని ఏడనో ఒకకాడ పట్టుకోవాలె గదా" అన్నది.

తరువాత ఆఫ్‌సెట్ వచ్చింది, కంప్యూటర్ వచ్చింది, సీసం అక్షరాలు తూకానికి పోయాయి. వాటి కోసం నేను ఎక్కువ బాధపడను. కాలికి సత్తువ లేని పిల్లకు చేతికి పని ఇచ్చి, అన్నం పెట్టి, చదువు చెప్పి, తమ వంతు అయ్యాక వెళ్లిపోయాయి. అత్తే బాధపడలేదు, నేనెందుకు పడాలి. ఆఖరి కేసు బండెక్కే రోజున ఆమె శ్రీ ఒక్కదాన్ని తీసుకుని దేవుడి పీట మీద పెట్టుకుంది. ఇప్పుడది మా తమ్ముడి ఇంట్లో, కుంకుమ భరిణె పక్కన ఉంది.

హారిక నా కళ్లు తుడిచి, నేను చెప్పిందంతా విన్నది. విని, "దేని నడిమిట్ల" అని తనలో తాను అనుకుంటూ తెర వైపు తిరిగింది. కాసేపటికి, "దొరికింది నానమ్మా" అన్నది. దాని మాటల్లో చెబితే, ఈ పేజీలో ఉన్నవన్నీ పెట్టెలే, పెట్టెలో పెట్టె. ఫోటో ఉన్న పెట్టెకు ఇంత వెడల్పు అని తను చెప్పలేదట. చెప్పకపోతే అది ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తానే పరుచుకుంటుందట. "మొత్తం అదే కూసుంటె ఇంక పంచడానికి జాగ ఏడిది నానమ్మా? ముందు దాని వెడల్పు దానికి చెప్పిన. ఇప్పుడు రెండు దిక్కుల మార్జిన్ ఆటో అని ఇస్తన్న. అంటె మిగిలింది సమానం పంచుకొమ్మని." ఏదో నొక్కింది. అత్త జరిగి వచ్చి నడుమ కూర్చుంది. అక్కడ సీసమూ లేదు, క్వాడ్లూ లేవు, మడిచి చూడటానికి కాగితమూ లేదు. మా కార్డు కొలత మారేది కాదు. దీని కాగితం చూసేవాళ్ల చేతిని బట్టి చిన్నదవుతుంది, పెద్దదవుతుంది. అన్నిటిలోనూ నడుమ ఉండాలంటే ఇన్ని అంగుళాలని చెప్పి లాభం లేదు, మిగిలింది పంచుకొమ్మని చెప్పడమే దారి. మేం ఒక్క కార్డుకు పడ్డ పాట్లు ఈ పిల్ల తెలియని వేయి కార్డులకు ఒకేసారి పడుతోంది. దాని పని నా పనికంటే కష్టమని నాకు నిజంగా అనిపించింది, ఆ మాట దానితో అన్నాను కూడా.

తరువాత తన ఫోన్‌లో ఆ పేజీ తెరిచి నా చేతికిచ్చింది. ఫోటో నడుమ ఉంది, కింద సత్యవతి అన్న అత్త అసలు పేరు నడుమ ఉంది. మిగతా మాటలు అంచు నుంచి అంచు దాకా ఉన్నాయి. పెద్దదాన్ని కదా, జారిపోతుందని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను. పట్టుకుని చూస్తే, కింద ఎడమ మూలన చిన్నగా రాసిన, ఆమె చేత చదువు నేర్చుకున్నవాళ్లమంటూ పెట్టిన మా పేర్ల మీద నా బొటనవేలు ఉంది. "హారికా, జర లోపటికి జరుపు బిడ్డా. నాలుగు దిక్కుల ఒక బొటనవేలంత" అన్నాను. పిల్ల నా వేలి వైపు చూసి నవ్వలేదు. "దీన్ని ప్యాడింగ్ అంటరు నానమ్మా" అని, కూర్చుని ఆ జాగ వదిలింది. మళ్లీ ఫోన్ నా చేతికిచ్చింది. వేలు ఖాళీ మీద పడింది. పేర్లన్నీ ఉన్నాయి.

రేపో మాపో మీ ఇంటికి ఒక శుభలేఖ వస్తుంది. మూలన పసుపు ఉంటుంది, ఆ పసుపుకూ పేర్లకూ మధ్య కొంచెం ఖాళీ ఉంటుంది. అది ఉత్త ఖాళీ కాదు, ఎవరో ఒకరు ఎవరి చేతి కోసమో ఆలోచించి వదిలిందే. కార్డు పక్కన పెట్టే ముందు ఆ ఖాళీ మీద మీ వేలు ఒక్కసారి ఆనించి, కాశిబుగ్గ సత్తెమ్మను తలచుకోండి.